గాయపడిన మూత్రపిండములో తెల్లకణముల రాకపోకలు

తొలకరి వానలు కురిసి, నర్సంపేట, పరకాల, ములుగు ప్రాంతముల చెలకలలో పత్తిగింజ పడి, వరినాట్లకు మడులు సిద్ధమగుచుండు దినములలో, వరంగల్ నగరమందలి మహాత్మాగాంధీ స్మారక వైద్యశాలకు, అనగా జనులు ఎంజీఎం అని పిలుచు పెద్దాసుపత్రికి, పాముకాటు తిన్నవారి రాక హెచ్చును. రాత్రి కరెంటు వచ్చినదని మోటరు పెట్టబోయిన రైతు, తెల్లవాఱకమునుపే మడికి నీరు కట్టబోయిన పాలేరు, గడ్డిమోపు ఎత్తబోయి మోపు క్రింద చేయిపెట్టిన ఆడుబిడ్డ, వీరే అందులో ఎక్కువమంది. వీరిలో రక్తపింజర కఱచినవారి కథ కాటుతో ముగియదు. విఱుగుడు మందు ఎక్కి, కాలివాపు తగ్గుముఖము పట్టి, గండము గడచినదని ఇంటివారు ఊపిరి పీల్చుకొను వేళకే వైద్యుడు మంచముప్రక్క నిలిచి “ఒంటికి పోసినవా, పెద్దయ్యా?” అని అడుగును. నిన్నటినుండి చుక్క రాలేదని జవాబు వచ్చినచో, విషము రక్తమును విడిచినను మూత్రపిండములను విడువలేదని ఆయనకు అర్థమగును.

రక్తపింజరను మన దేశపు శాస్త్రగ్రంథములలోనికి ఎక్కించిన స్కాట్లండు వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ తన పరిశీలనలు సాగించినది తెలుగునేలపైననే. విశాఖపట్టణమున నివసించి, కోరమండలతీరపు సర్పములను సేకరించి, 1796లో ఆయన ప్రకటించిన గ్రంథమున దీనికి కాటుకరేకులపొడ యను తెలుగు పేరే ఇచ్చియున్నాడు. దాని విషమునందలి కొన్ని ప్రోటీనులు రక్తమును గడ్డకట్టించు అంశములను ఒక్కుమ్మడిగా ప్రేరేపించి, సన్నని రక్తనాళములలో అణుమాత్రపు గడ్డలను పుట్టించి, తుదకు ఆ అంశములనే హరింపజేయును. గడ్డకట్టవలసిన సామగ్రి యంతయు వ్యర్థముగా ఖర్చైపోవుటచే చిగుళ్లనుండియు, కాటుగాట్లనుండియు రక్తము ఆగక కాఱును. దీనిని పసికట్టుటకు ఖరీదైన యంత్రమేదియు అక్కఱలేదు. పొడిగానున్న క్రొత్త గాజుగొట్టములో రోగి సిరనుండి తీసిన 2 మిల్లీలీటర్ల రక్తము పోసి, 20 నిమిషములు కదపక నిలిపి, పిమ్మట ఒక్కసారి వంచి చూతురు. రక్తము జున్నువలె గొట్టమున నిలిచినచో కొంత నిబ్బరము. నీటివలె అంచునకు జాఱినచో విఱుగుడు మందు వెంటనే మొదలుపెట్టవలసినదే. ఇంతటి సులభమైన పరీక్ష రక్తమునకు కలదు గాని మూత్రపిండమునకు లేదు. ఈ అధ్యాయమున చెప్పబోవు కష్టములలో చాలభాగము ఆ లోటునుండి పుట్టినవే.

మూత్రపిండము పిడికెడంత యవయవము. బరువు సుమారు 150 గ్రాములు. ఐనను గుండె వెలువరించు రక్తములో అయిదవ వంతునకు తక్కువ కాకుండ ఈ రెండు పిండములకే చేరును. ఒక్కొక్క పిండమునందు ఇంచుమించు పదిలక్షల వడపోత యంత్రములు కలవు. దినమునకు 180 లీటర్ల ద్రవమును ఇవి వడకట్టి, అందులో ఒకటి రెండు లీటర్లు తప్ప తక్కినదంతయు సన్నని గొట్టములగుండ మఱల రక్తమునకు చేర్చును. పాకాల చెఱువు నీరు పంటకాలువలలో పాఱుచు ప్రతి మడికి తగినంత యిచ్చి మిగులును ముందునకు సాగించునట్లు, ఈ గొట్టములు ఉప్పును, చక్కెరను, నీటిని ఎక్కడికక్కడ పంచుచు పోవును. ఈ పంపకమునకు విశేషమైన శక్తి కావలెను. శక్తికి ప్రాణవాయువు కావలెను. గొట్టములు మిక్కిలిగా శ్రమించు లోపలి ప్రదేశముననే ప్రాణవాయువు కొఱతగా నుండుట ఈ యవయవపు దౌర్బల్యము. రక్తపుపోటు పడిపోయినను, సన్ననాళములు గడ్డలతో మూసుకొనినను, విషమే తగిలినను, మొదట చచ్చునవి అక్కడి గొట్టపుకణములు.

ఇట్లు గంటలలోనో, దినములలోనో మూత్రపిండము పని చాలించుటను తీవ్ర మూత్రపిండగాయ మందురు. లండను నగరముపై బాంబులు పడినప్పుడు కూలిన గోడలక్రింద నలిగి బయటపడినవారు కొన్ని దినములకు మూత్రము స్తంభించి మరణించుటను గమనించి, నలిగిన కండరములనుండి వెలువడిన ద్రవ్యమే ఇందుకు హేతువని 1941లో బైవాటర్సు, బీల్ అను వైద్యులు సూచించిరి. హాలెండునందు విలెం కాల్ఫ్ రూపొందించిన కృత్రిమ మూత్రపిండయంత్రమువలన 1945లో మొదటి రోగి బ్రతికి బయటపడెను. ఆ యంత్రపు సంతతియే నేటి డయాలసిస్. అది గాయపడిన పిండము కోలుకొనువఱకు దాని పని తాను చేసిపెట్టునే గాని గాయమును మాన్పదు. పిండము తనంతట తానే మానవలెను. చాలమందిలో మానును, కొందఱిలో సగము మానును, కొందఱిలో మానకయే పోవును. ఈ భేదమునకు హేతువేమి యని వెదకినవారి దృష్టి గడచిన ముప్పదియేండ్లలో రక్తమునందలి తెల్లకణములపై నిలిచినది.

ఆ మాటకు పోవుటకుముందు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావును స్మరింపక తప్పదు. హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్క్‌తో కలసి 1927లో ఆయన కండరమునందు ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొనెను. ఆ ద్రవ్యమును, దాని మూలమైన క్రియాటిన్‌ను సహజముగా విఱిగి క్రియాటినిన్‌గా మాఱి రక్తములో చేరును. దానిని మూత్రపిండము ఎప్పటికప్పుడు వెలుపలికి నెట్టివేయును. పిండము పని చెడినచో అది రక్తమున పేరుకొనును. నేడు ఎంజీఎంలోనైనను, అమెరికాలోనైనను మూత్రపిండగాయమును నిర్ణయించునది ఈ క్రియాటినిన్ కొలతయే: 48 గంటలలో డెసీలీటరునకు 0.3 మిల్లీగ్రాములు పెరిగినను, ఏడు దినములలో మునుపటికంటె ఒకటిన్నర రెట్లైనను, లేక మూత్రము ఆఱు గంటలపాటు మిక్కిలి తగ్గినను గాయము కలదని 2012 నాటి అంతర్జాతీయ ప్రమాణము. కాని పేరుకొనుటకు కాలము పట్టును గదా! గాయము తగిలిన ఒకటి రెండు దినములకుగాని క్రియాటినిన్ స్పష్టముగా పైకి లేవదు. ఆలోపల పిండములో ఎంతో జరిగిపోవును.

ఏమి జరుగును? 1882లో ఇటలీలోని మెసీనా తీరమున మెచ్నికాఫ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు, పారదర్శకమైన నక్షత్రచేప పిల్లలో గులాబిముల్లు గ్రుచ్చి, మఱునాటికి ముల్లుచుట్టును సంచారకణములు మూగియుండుటను చూచెను. బయటి శత్రువును మ్రింగుటకు కణములు పోవునను భావమున కదియే ఆరంభము. కాని పాము కఱచిన రైతు మూత్రపిండములో సూక్ష్మజీవి లేదు, ముల్లు లేదు. అచట తెల్లకణములను పిలుచునది ఎవరు? 1994లో పాలీ మాట్జింగర్ అను శాస్త్రజ్ఞురాలు ప్రతిపాదించిన సిద్ధాంతము దీనికి దారి చూపినది. దేహరక్షణ వ్యవస్థ పరాయిదానినిగాక, అపాయమును గుర్తించునని ఆమె మతము. కణము క్రమముగాక, పగిలి చచ్చినప్పుడు, లోపల దాగవలసిన ద్రవ్యములు బయట పడును. వానిలో ముఖ్యమైనది ఏటీపీ. సర్వప్రాణుల శక్తికిని నాణెమైన ఈ పదార్థమును 1929లో కండరమునుండి వేఱుచేసినవారిలోను ఫిస్క్, సుబ్బారావులు కలరు. కణములోపల నున్నంతవఱకు ఇది శక్తి; వెలుపల పడినచో ఆర్తనాదము. భక్షకకణముల పైపొరమీది ఒక గ్రాహకమునకు ఇది తగిలినంతనే వానిలో వాపును రగిల్చు యంత్రాంగము మేల్కొనును.

ఆ పిలుపునకు మొట్టమొదట వచ్చునవి న్యూట్రోఫిలులు అను తెల్లకణములు. ఎలుకల మూత్రపిండనాళమును కొద్దినిమిషములు బిగించి వదలిన ప్రయోగములలో, గంట తిరుగకమునుపే అవి నాళముల అంచులకు అంటుకొని, ఒక దినములోపల పెద్దసంఖ్యలో చేరుచున్నవి. మ్రింగుటయేగాక, తమ కేంద్రకములోని డీఎన్ఏ పోగులనే వలగా విసరు విచిత్రశక్తి వీనికి కలదని 2004లో జర్మనీలో కనుగొనిరి. సూక్ష్మజీవిని పట్టుకొనుటకు పుట్టిన ఆ వల, సూక్ష్మజీవి లేని మూత్రపిండములో సన్ననాళములను మూసివేసి, మిగిలిన గొట్టములనుగూడ ఊపిరాడకుండ చేయును. కండరములు కరగి కలుగు గాయమున న్యూట్రోఫిలులేగాక మాక్రోఫేజులు అను మఱియొక రకపు తెల్లకణములును ఇట్టి వలలు విసరుననియు, రక్తఫలకికలు వానిని ప్రేరేపించుననియు 2018లో జపాను పరిశోధకులు చూపిరి. ఈ సంగతి మనకు దూరపుది కాదు. కొన్ని పాముల విషము కండరములను కరగించును. తలకు వేసికొను నల్లరంగును ప్రాణము తీసికొనుటకై త్రాగినవారిలోను కండరములు కరగి మూత్రము నల్లబడుట తెలుగునాట వైద్యులు ఎన్నో యేండ్లుగా చూచుచున్న దుఃఖము.

న్యూట్రోఫిలుల వెంట మోనోసైటులు వచ్చి, పిండములో మాక్రోఫేజులుగా, అనగా మహాభక్షకకణములుగా మాఱును. వీని నడవడియే ఈ శాస్త్రమున నన్ను మిక్కిలిగా ఆకర్షించినది. క్లోడ్రొనేట్ అను మందును కొవ్వుబుడగలలో నింపి ఎలుకకు ఎక్కించినచో, ఆ బుడగలను మ్రింగిన భక్షకకణములు చచ్చిపోవును. గాయమునకు ముందే ఇట్లు వానిని తొలగించినచో ఎలుక మూత్రపిండము తక్కువగా చెడినది. ఇంతవఱకు విన్నవారు భక్షకకణమే దోషి యనుకొందురు. కాని గాయము తగిలిన కొన్ని దినములకు తొలగించి చూడగా గొట్టములు మఱల పెరుగుట మందగించినది! 2011లో యేల్ విశ్వవిద్యాలయమందలి క్యాంట్లీ బృందము ఇందలి రహస్యమును విశదము చేసెను: మొదటి రెండు దినములలో చేరు భక్షకకణములు దాహకస్వభావము కలవి, అవియే ఆ పిండములోనే తమ స్వభావమును మార్చుకొని, చచ్చిన కణములను ఊడ్చివేయుచు, బ్రతికిన గొట్టపుకణములు విభజన చెందుటకు తోడ్పడు ద్రవ్యములను స్రవించును. దహించునవియు, మాన్పునవియు వేఱువేఱు జాతులు కావు. ఒకే కణము యొక్క వేఱువేఱు దినములు. ఆ మార్పు సకాలమున జరుగనిచోటనో, జరిగియు భక్షకకణములు నిష్క్రమింపక వారములకొలది తిష్ఠవేసిన చోటనో పిండము మచ్చకట్టి గట్టిపడును.

టీ-కణముల కథయు ఇట్టిదే. ఇవి నిర్దిష్టమైన శత్రువును నేర్చుకొని యెదిరించు కణములు గావున, క్షణములలో కలుగు గాయమున వీనికి పాత్ర యేమని చాలకాలము ఎవరును పట్టించుకొనలేదు. జాన్స్ హాప్కిన్సు విశ్వవిద్యాలయమున హమీద్ రాబ్ బృందము 2001లో సీడీ4 అను రకపు టీ-కణములు లేని ఎలుకలకు గాయము స్వల్పమగుటయు, ఆ కణములను మఱల ఎక్కించినంతనే గాయము తీవ్రమగుటయు నిరూపించినప్పుడు ఆ యుపేక్ష తొలగినది. పిమ్మట 2009లో, అదే సీడీ4 వంశమునందు పుట్టిన నియంత్రక టీ-కణములు గాయమును తగ్గించుననియు, కోలుకొనుటకు తోడ్పడుననియు రెండు మూడు ప్రయోగశాలలనుండి వార్త వచ్చెను. ఈ నియంత్రకకణములను 1995లో మొదట గుర్తించిన జపాను శాస్త్రజ్ఞుడు సాకాగుచికి, తత్సంబంధమైన జన్యువును వెలికితీసిన బ్రంకో, రామ్స్‌డెల్‌లకు 2025 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది. వర్జీనియాలో మార్క్ ఒకుసా బృందము మఱియొక వింతను చూపెను: ఎలుక మెడలోని వేగస్ నాడిని ముందురోజున విద్యుత్తుతో ప్రేరేపించినచో ప్లీహమందలి కణములద్వారా మూత్రపిండమునకు రక్షణ కలుగుచున్నది, ప్లీహమును తీసివేసినచో ఆ రక్షణ పోవుచున్నది.

ఇన్ని సంగతులు తెలిసినపుడు, వాపును అణచు మందిచ్చినచో సరిపోవును గదా యని ఎవరికైనను తోచును. వైద్యులకును తోచినది. గుండె శస్త్రచికిత్సలో మూత్రపిండగాయము కలుగకుండ స్టెరాయిడును ఏడువేలమందికి పైగా రోగులలో పరీక్షించిరి, గాయము తగ్గలేదు. మూలకణములను ఎక్కించి చూచిన పరీక్షాఫలితము 2018లో వెలువడినది, కోలుకొనుట త్వరపడలేదు. సూక్ష్మజీవులవలన రక్తము విషపూరితమైన రోగులలో వాపు తగ్గించునని ఆశపెట్టుకొన్న ఆల్కలైన్ ఫాస్ఫటేస్ ఎంజైము పరీక్షలో మరణములను తగ్గించలేకపోయినది. ఈ వైఫల్యములలో ప్రధానమైన హేతువు కాలజ్ఞానము లేకపోవుటయే యని నా నిశ్చయము. ఎలుకకు నాళము బిగించిన నిమిషము ప్రయోగకర్తకు తెలియును. చాలమంది రోగులలో గాయము తగిలిన వేళ ఎవరికిని తెలియదు. క్రియాటినిన్ పెరిగి వైద్యుడు కనుగొనునాటికి న్యూట్రోఫిలుల మొదటి దండు వచ్చి పోయినది, భక్షకకణములు రూపు మార్చుకొనుచున్నవి. దాహకకణమును అణచుటకై ఇచ్చిన మందు, అప్పటికి మాన్పుకణమైపోయిన దానినే అణచుచున్నదేమో!

అందువలననే ఇటీవలి పరిశోధన “అణచుట” నుండి “గమనించుట” వైపునకు మొగ్గినది. ఒక్కొక్క కణములో మేల్కొనియున్న జన్యువులను విడివిడిగా చదువు పద్ధతి వచ్చినపిమ్మట, దహించునది, మాన్పునది యను రెండు పేర్లు చాలవనియు, భక్షకకణములకు నడిమి రూపములు ఎన్నో కలవనియు తేలినది. 2020లో సెయింట్ లూయీ నగరపు హంఫ్రీస్ బృందము, మానుట మధ్యలో ఆగిపోయిన గొట్టపుకణములను గుర్తించెను. చావక, బాగుపడక, వాపును పిలుచు సంకేతములను ఎడతెగక పంపుచుండు ఆ కణములే తెల్లకణములను వెళ్లనీయక ఆపి, తీవ్రగాయమును దీర్ఘవ్యాధిగా మార్చుచున్నవని నేటి పరిశోధకులలో బలపడుచున్న భావము. మూత్రమును పరీక్షించు మార్గమును తెఱచుకొనినది. న్యూట్రోఫిలులలో మొదట కనుగొనబడిన ఎన్‌గాల్ అను ప్రోటీను, గుండె శస్త్రచికిత్స జరిగిన పిల్లల మూత్రములో రెండు గంటలకే పెరుగుట 2005లో తెలిసినది. గాయపడిన పిండమునుండి మూత్రములోనికి జాఱివచ్చు టీ-కణములను, భక్షకకణములను లెక్కించుటయు కొన్ని దేశములలో ఆరంభమైనది.

ఇక మన ప్రాంతమునకు వత్తము. ప్రపంచపు పరిశోధనలో మిక్కుటమైన భాగము నాళము బిగించిన ఎలుకలపై జరిగినది. మఱికొంత ఫోలిక్ ఆమ్లమును మితిమీఱి ఎక్కించిన ఎలుకలపై జరిగినది. మానవులకు పథ్యమైన ఆ విటమినును 1945లో ప్రయోగశాలయందు నిర్మించిన లెడర్లీ సంస్థ పరిశోధనకు నాయకుడు సుబ్బారావే. రోగులపై జరిగిన కొలది పరిశోధనలు ధనికదేశపు గుండె శస్త్రచికిత్స గదులలోను, ముదుసలులు నిండిన అత్యవసర విభాగములలోను జరిగినవి. భారతదేశమున 2000 మొదలు 2019 వఱకు ఏటేట సగటున 58,000 మంది పాముకాటువలన మరణించిరని శాస్త్రజ్ఞుల అంచనా. ఆ మరణములు అధికముగానున్న రాష్ట్రములలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశము ఒకటి. పింజరవిషము గడ్డలతోను, రక్తపుపోటు పతనముతోను, నేరుగా గొట్టపుకణములను కొట్టుటతోను మూడువైపుల గాయపఱచును. ఆ పిండములో తెల్లకణములు ఏ దినమున ఏ రూపమున నుండునో చెప్పుటకు నాళము బిగించిన ఎలుక చాలదు.

ఐనను ఇచట మనకొక యోగ్యత కలదు. దీనిని ఇంతవఱకు తగినంతగా వాడుకొనలేదని నా విశ్వాసము. పాముకాటు తిన్నవానికి గాయపు వేళ తెలియును. కరెంటు వచ్చిన గంట ఊరందఱికి తెలిసినదే. మోటరుకాడకు పోవుచు కాలు వేసిన క్షణమును రైతు జన్మలో మఱువడు. మంచమెక్కిన తరువాత, రోజులతరబడి నెమ్మదిగా చెడు రోగములలో దొరకని ఆ కాలరేఖ ఇచట దొరకును. నాళము బిగించిన ఎలుకకు మానవలోకమున మిక్కిలి దగ్గఱివాడు ఈ రైతే. ఈ పనికి తగిన సంస్థలును కలవు. వరంగల్ నగరమందలి కాకతీయ వైద్యకళాశాల 1959లో స్థాపితమైనది. కాళోజీ నారాయణరావు పేర వెలసిన ఆరోగ్య విశ్వవిద్యాలయమును ఈ నగరమందే కలదు. రోగి సమ్మతితో, చికిత్సకు క్షణమైనను ఆలస్యము కలుగనీయక, విఱుగుడు మందు ఎక్కుచుండగనే కాటువేళను వ్రాసికొని, ఆఱవ గంటను, పండ్రెండవ గంటను, రెండవ నాడును, మూడవ నాడును, ఏడవ నాడును కొంచెము మూత్రమును పట్టి, చల్లగా భద్రపఱచి, అందలి కణములను లెక్కించుట అసాధ్యమైన పని కాదు. మూత్రము స్తంభించినవారిలో ఇది సాగదు. వారికి రక్తమునందలి సూచికలే ఆధారము. డయాలసిస్ మొదలైనవారిలో లెక్క కొంత తాఱుమాఱగును. దానినిగూడ లెక్కలోనికి తీసికొనవలెను.

ఇట్టి కాలరేఖవలన తేలవలసిన ప్రశ్న ఒకటి కలదు. ఎలుకలో మూడవనాటికి కనిపించు భక్షకకణపు మార్పు, పింజర కఱచిన మనుష్యునిలో ఏనాటికి కనిపించును? అది ఆలస్యమైనవారే మూడునెలల పిమ్మట క్రియాటినిన్ తగ్గక మఱల ఆసుపత్రి మెట్లెక్కుచున్నారా, లేక వారిలో ఆ మార్పు సక్రమముగానే జరిగి, సన్ననాళముల గడ్డలే పిండపు వెలుపలి పొరను చంపివేసినవా? మొదటిదే నిజమైనచో ఆ మార్పును త్వరపఱచు మందునకు అర్థము కలదు. రెండవదే నిజమైనచో తెల్లకణములపై ఎన్ని మందులు ప్రయోగించినను ఫలము లేదు, విఱుగుడు మందును ములుగు, ఏటూరునాగారము ప్రాంతముల ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలోనే ఎక్కించుటకు చేయు ప్రతి ఏర్పాటును వానికంటె విలువైనది.